అప్ప మా ఇంట్లో నీళ్ళు తాగలేదు

నాకు పుట్టుకతో వచ్చిన గుణం అనుమానం. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే అందరూ త్రాసు చూస్తారు, నేను అతని మోచెయ్యి చూస్తాను. ఎవరైనా ఊరికే నవ్వి పలకరిస్తే, ఎందుకు నవ్వారా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాను. "నిన్ను పోలీసుల్లో వెయ్యాల్సింది" అనేది మా అమ్మ. పోలీసుల్లో వెయ్యలేదు గానీ, అనకాపల్లిలో డిగ్రీ అయ్యాక సముద్రం వైపున్న ఒక రొయ్యల కంపెనీలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి.

కంపెనీ బస్సు రైల్వే స్టేషను దగ్గర ఎక్కేదాన్ని. మునగపాక మీదుగా పోయేది. చెరుకు నరికే రోజుల్లో ఎడ్లబళ్ళ వెనకాల నత్తలా పాకేది. ఆలస్యమైతే బస్సులో వచ్చిన వాళ్ళందరికీ హాజరు దగ్గర ఎర్రగీత పడేది. అదే బండి వెనకాల ఇరుక్కున్న మేనేజరుగారి కారుకి మాత్రం గీత పడేది కాదు. ఈ సంగతి నేను చేరిన మొదటి వారంలోనే కనిపెట్టాను, కనిపెట్టి ఊరుకున్నాను.

వెల్ఫేర్ అంటే తాగునీళ్ళు, మరుగుదొడ్లు, తలకు టోపీలు, చేతులకు గ్లౌజులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం. దాంతోపాటు పై మాట కిందికీ, కింది మాట పైకీ చేర్చడం. పై మాట కిందికి ఉన్నదున్నట్టు దిగేది. కింది మాట మాత్రం మెట్లెక్కేసరికి సగమయ్యేది.

రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేదంతా ఆడవాళ్ళే, ఎక్కువమంది సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి వాళ్ళు. మొగవాళ్ళు వేటకు వెళితే వీళ్ళు కంపెనీ బస్సెక్కేవారు. వాళ్ళలో ఒక బల్లకి పెద్దగా ఉండే ఆవిడని అందరూ అప్పా, అంటే అక్కా, అని పిలిచేవారు. నాకంటే చాలా పెద్దది కాబట్టి నేనూ అలాగే పిలిచేదాన్ని. ముక్కుకి రెండువైపులా పుడకలు, ముంజేతుల నిండా పచ్చబొట్లు, బల్ల ఈ చివర మాట్లాడితే ఆ చివరికి వినబడే గొంతు. ఐసునీళ్ళలో రోజంతా నానిన వేళ్ళు పుళ్ళు పడుతుంటే, మేనేజరు ఎదురుగా నిలబడి, "ఓపాలి సెయ్యెట్టి సూడండి సార్, మీకే తెలుత్తాది" అన్నది ఆవిడే. ఆయన చెయ్యి పెట్టలేదు, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పుడే కంపెనీలోకి ఎథిక్స్ వచ్చింది. మా రొయ్యలు కొనే పైదేశం వాళ్ళు అడిగారట, మీ దగ్గర న్యాయం ఉందా అని. ఉందని చూపించడానికి చెన్నై నుంచి ఒక ఎథిక్స్ ఆఫీసరు దిగాడు. క్యాంటీన్లో తెర కట్టి బొమ్మలు వేశాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం. ఎవరైనా తప్పు చేస్తుంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి, పేరు చెప్పక్కర్లేదు, చెప్పినవాళ్ళ మీద ఎవరు కక్ష కట్టినా ఊరుకోం. ఇదీ సారాంశం.

"ఫోను సేత్తే ఎవులికి పోతాది?" అని అడిగింది అప్ప.

మన కంపెనీ వాళ్ళకి కాదు, ఎక్కడో దూరాన కూర్చున్న వాళ్ళకి అన్నాను.

"మొకం తెలీనోడు, మొకం తెలీనోడికి నా మీద సాడీ సెప్తే, దాన్ని నాయం అంటారేటి?"

అందరూ నవ్వారు. ఆఫీసరు ఏమందని అడిగాడు. మంచి ప్రశ్న అడిగిందని చెప్పాను.

నా బుద్ధి ఊరుకోదు కదా. ఆ సాయంత్రం బజారులో ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఆ నంబరు కొట్టాను. ఇంగ్లీషుకి ఒకటి నొక్కండి, హిందీకి రెండు నొక్కండి అంది గొంతు. తెలుగు లేదు. మర్నాడు మేనేజరుకి చెబితే, "వస్తుంది లెండి, ఇప్పుడే కదా మొదలెట్టాం" అన్నాడు. షెడ్డు మొత్తం మీద ఇంగ్లీషు గానీ హిందీ గానీ వచ్చిన మనిషి ఒక్కరు లేరు. మరి ఈ ఫోను ఎవరు చేస్తారనుకుని పెట్టారు? ఆ మాట పైకి అనలేదు గానీ లోపల పురుగులా తొలుస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి ఫోను వెళ్ళనే వెళ్ళింది. అప్ప మీద.

సెక్యూరిటీ గార్డు షెడ్డులోకి వచ్చి, అందరూ చూస్తుండగా బల్ల దగ్గర నుంచి ఆవిడని పిలుచుకుపోయాడు. గమ్ బూట్లు తడి కారుతుండగా ఏసీ గదిలోకి వచ్చి, కుర్చీ చివర కూర్చుంది. బల్లకి ఇవతల ఆఫీసరు, పక్కన నేను. నన్ను ముందే హెచ్చరించాడాయన. "మీరు ఆవిడ ముఖం చూడకూడదు. కళ్ళతో ఏదో అందించారన్న మాట రాకూడదు. కాగితం చూసి ప్రశ్న చదవండి, జవాబు నాకు చెప్పండి." అది అక్కడి నియమమట. సరేనన్నాను.

నేరం ఏమిటంటే, తేలికపాటి పని ఇచ్చేందుకు తన బల్ల ఆడవాళ్ళ దగ్గర కానుకలు పుచ్చుకుంటోందని.

"ఎవులు సెప్పేరు?" అంది అప్ప.

అది చెప్పకూడదు.

"పోనీ, ఏ కానుకలు? ఎప్పుడు?"

అదీ చెప్పకూడదు. చెబితే ఎవరు చెప్పారో తెలిసిపోతుంది.

"మరి నాను దేనికి జవాబు సెప్పాల?"

ఈ ప్రశ్నని ఇంగ్లీషులోకి మారుస్తుంటే నాకే చెమట పట్టింది, అంత ఏసీలోనూ. ఆఫీసరు చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈ మధ్య మీ ఇంటికి వీళ్ళెవరైనా ఏమైనా తెచ్చారా అని అడిగాడు. అప్పుడు ఆవిడకి వెలిగింది. మనవరాలి బారసాలకి షెడ్డు వాళ్ళంతా వచ్చారు. గౌన్లు, వెండి మొలతాడు, ఎండుచేపలు చదివించారు. అంతకుముందు వాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకి ఆవిడా చదివించింది. "పిలిసినోళ్ళింటికి ఉత్త సేతుల్తో ఎల్తారేటి?" అంది.

ఆయన మరికొందరిని ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. అందరూ అదే చెప్పారు. ఫిర్యాదు రుజువు కాలేదని రాసుకుని, అప్పని మళ్ళీ పిలిపించాడు. మీ మీద ఏమీ లేదు, వెళ్ళి పని చేసుకోండి, ఈ సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకండి అన్నాడు. నేను కాగితం మీదే కళ్ళు పెట్టి చెప్పాను.

అప్ప లేవలేదు. "తప్పు నేదన్న మాట షెడ్డులో అందరి ముందూ సెప్పండి" అంది.

అది కుదరదు, గోప్యంగా ఉంచాలన్నాడు.

"అందరి ముందూ పట్టుకొచ్చేరు. ఇప్పుడు సాటుగా ఒగ్గేత్తారేటి?"

ఆయన ఫైలు మూసేశాడు.

ఆవిడ అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. గార్డు వెంట వెళుతుంటే చూసినవాళ్ళు చాలామంది. ఏమీ లేదని తేలినట్టు మాత్రం ఎవరికీ తెలియదు. ఇంకేముంది, నిప్పు లేనిదే పొగ రాదు అని మొదలైంది. తిరుగు బస్సులో ఆవిడ పక్క సీటు ఖాళీగా ఉండడం మొదలైంది. బల్ల మీద ఆవిడ గొంతు తగ్గింది. ఎవరు చెప్పి ఉంటారన్న ఆలోచనలో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఒకే కంచంలో తిన్న వాళ్ళు క్యాంటీన్లో గిన్నెలకి మూతలు పెట్టుకుని తిన్నారు. న్యాయం రాకముందు షెడ్డు ఇంకాస్త బాగుండేదని నాకనిపించింది.

వాళ్ళ వీధిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మీదైనా మాట పడితే, ఆ మనిషి ఇంట్లో కూర్చోకూడదు. కూర్చుంటే తప్పు చేసినట్టే. ఇల్లిల్లూ తిరగాలి. లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, "నా మీద నువ్వా మాట అన్నావా?" అని అడగాలి. అవతలివాళ్ళు అన్నామనో అనలేదనో చెప్పి, ఒక గ్లాసుడు మంచినీళ్ళు ఇస్తారు. మాట నమ్మితే తాగుతారు, అక్కడితో ఆ ఇంటితో గొడవ తీరిపోయినట్టు. నమ్మకపోతే గ్లాసు ముట్టుకోరు. దీంట్లో కోపతాపాలేమీ ఉండవు, కేకలు అసలే ఉండవు. వీధంతా తలుపులు తీసుకుని చూస్తుంది కాబట్టి ఎవరూ హద్దు దాటరు.

ఆ వచ్చిన ఆదివారం అప్ప అదే చేసింది. తన ఊళ్ళో షెడ్డు వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. చాలా ఇళ్ళలో నీళ్ళు తాగిందని తరవాత విన్నాను. ఊళ్ళో పూర్తయ్యాక బస్సెక్కి అనకాపల్లి వచ్చింది.

మేము చర్చి నుంచి అప్పుడే వచ్చాం. అమ్మ స్టవ్ మీద కూర పెట్టింది. గుమ్మంలో అప్ప నిలబడి ఉంది, తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"ఆ ఫోనులో మన మాట పలకదంట కదా. ఇంగిలీసు వచ్చినోళ్ళే సెయ్యాలంట. మా షెడ్డులో తిరిగే మడుసుల్లో ఇంగిలీసు నీకే వచ్చు. నా మీద సెప్పింది నువ్వా, పాపా?"

"నేను కాదప్పా. ఒట్టు."

నా మొహంలోకి చూసింది. కూర మాడుతున్న వాసన వస్తున్నా అమ్మ కదలలేదు. లోపలికి పోయి నేనే గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆవిడ చెయ్యి చాచలేదు.

"దాహం నేదమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పాపా అని పిలిచి, పోయేటప్పుడు అమ్మా అంది. ఆ గ్లాసు చేత్తో పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను. ఒళ్ళు మండిపోయింది. ఏ నేరం, ఏ రుజువు? ఇంగ్లీషు చదువుకోవడమేనా నేను చేసిన తప్పు? అందరినీ అనుమానించే హక్కు నా ఒక్కదానిదే అనుకున్నానేమో, నన్ను ఒకరు అనుమానిస్తే తట్టుకోలేకపోయాను.

రెండు మూడు రోజుల్లోనే మళ్ళీ ఫోను వెళ్ళింది. ఈసారి ఫిర్యాదు, అప్ప ఇళ్ళ మీదికి వెళ్ళి సాక్షులని బెదిరించిందని.

మళ్ళీ అదే గది, అదే కాగితం. మీరు ఇళ్ళకి వెళ్ళారా అని చదివాను.

"ఎల్లేను. అందరిళ్ళకీ ఎల్లేను. ఈయమ్మింటికీ ఎల్లేను. దాసుకుని ఎల్లేనేటి? పట్టపగలు ఎల్లేను." గొంతులో జంకు లేదు. నిజం చెబుతున్నానన్న ధీమా ఉంది. ఆ ధీమాయే తన కొంప ముంచుతోందని ఆవిడకి తెలియదు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసరు రాసుకుంటుంటే ఆగలేక, అది వాళ్ళ ఊరి పద్ధతి, బెదిరింపు కాదు, మా ఇంటికి కూడా వచ్చి మర్యాదగానే అడిగింది, అడక్కపోతేనే వాళ్ళలో తప్పు అని ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను. ఆయన విన్నాడు. "మీరు అనువాదానికి కూర్చున్నారు, సాక్ష్యానికి కాదు" అన్నాడు. తరవాత కాస్త మెత్తగా, "పద్ధతి కావచ్చు. కానీ ఫిర్యాదు చేసినవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళడం కక్ష సాధింపు కిందికే వస్తుంది. అందరికీ ఒకటే రూలు" అన్నాడు.

ఇదంతా ఇంగ్లీషులో జరిగింది. నేను ఆవిడ తరఫున మాట్లాడానని అప్పకి తెలియదు. ఆయనతో కలిసి నేనేదో గుసగుసలాడుతున్నట్టు కనబడి ఉంటుంది.

ఈసారి మేనేజరు కూడా ఆ గదిలో ఓ మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "తప్పు చెయ్యకపోతే ఎందుకు వెళ్ళినట్టు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?" అని నవ్వాడు. ఐసునీళ్ళ రోజున నవ్విన నవ్వే. ఫోను చేసింది ఈయనే అని ఆ క్షణాన నాకు రూఢి అయిపోయింది. ఇంగ్లీషు వచ్చు, ఆవిడ మీద కక్ష ఉంది, ఇళ్ళకి వెళ్ళిన సంగతి బస్సు డ్రైవరు చెప్పి ఉంటాడు. అన్నీ కలిశాయి. కానీ రుజువు? నవ్వు రుజువు కాదు. అప్పకి నా మీద ఎంత ఆధారముందో, నాకు ఆయన మీదా అంతే ఉంది. అది తలుచుకుంటే మరింత చిరాకేసింది.

అప్పని పనిలోంచి తీసేశారు. కానుకల నేరం మీద కాదు, అది లేదని వాళ్ళే రాశారు. ఎవరు చెప్పారని అడిగినందుకు తీసేశారు. ఆ వారమే క్యాంటీన్లో కొత్త పోస్టరు వేలాడింది, నోరు విప్పండి అని.

మరి అందరికీ ఒకటే రూలు అన్నారా? కొన్నాళ్ళకి మేనేజరు మీద కూడా ఫిర్యాదు వచ్చింది. షెడ్డులో ఆడవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాడని. తిట్టడం నేను విన్నాను, అడిగితే చెప్పాను కూడా. ఆయన్ని గార్డు వచ్చి పిలుచుకుపోలేదు. టీ తాగుతూ మాట్లాడుకున్నారు. కోపం అదుపులో పెట్టుకోవడం ఎలాగో ఒక క్లాసు చెప్పించి, ఇంకా పెద్ద ఫ్యాక్టరీకి బదిలీ చేశారు. వీడ్కోలుకి శాలువా కప్పారు. అదీ కానుకే కదా అనబోయి ఊరుకున్నాను. ఆ ఏడాది తిరగకుండానే ఉద్యోగం మానేసి, ఊళ్ళోనే ఒక స్కూల్లో టీచరుగా చేరాను.

అప్ప చేపల గంప ఎత్తుకుంది. వేట బాగున్న రోజుల్లో ఆటోలో అనకాపల్లి వచ్చి, మా వీధిలో కూడా కేకేసేది. మా ఇంటి ముందు ఆగేది, బేరం ఆడేది, చేప కోసి ఇచ్చేది. మంచి చేపే ఇచ్చేది, ఆ విషయంలో నా అనుమానం కూడా ఓడిపోయింది. ఎండలో వచ్చింది కదా అని అమ్మ మంచినీళ్ళు తెచ్చిన ప్రతిసారీ, "దాహం నేదమ్మా" అని గంప నెత్తికెత్తుకునేది. నాలుగిళ్ళ అవతల చెంబెత్తి గటగటా తాగడం కిటికీలోంచి చూసేదాన్ని. ఊరంతా దాహం వేస్తుంది, మా గుమ్మంలో తప్ప.

పోనీలే, మన మనసుకి తెలుసు కదా అనేది అమ్మ. మన మనసుకి తెలిస్తే చాలదు. నా మీద ఒక తీర్పు ఉంది. రుజువు లేదు, అప్పీలు లేదు, వారానికోసారి చేపల గంపతో వచ్చి మా గుమ్మంలో అమలవుతోంది. చివరికి ఒక వేసవి సెలవుల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంటికి కూడా వెళ్ళకుండా ఆటో ఎక్కాను.

ఇసకలో చెప్పులు దిగబడుతుంటే వాళ్ళ వీధిలోకి నడిచాను. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు తలెత్తారు. షెడ్డులో పనిచేసిన మొహాలు గుమ్మాల్లోకి వచ్చాయి. అప్ప ఇంటి ముందు కూర్చుని చేపలకి ఉప్పు రాస్తోంది. నన్ను చూసి లేచి, గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. నేను ఎందుకొచ్చానో ఆవిడకి అర్థమైంది. మెట్టెక్కకుండా కిందే ఆగాను.

"అప్పా, నీ మీద నేనే చెప్పానని ఇంకా అనుకుంటున్నావా?"

"అనుకుంటన్నాను."

అంత సూటిగా అంటుందనుకోలేదు. "ఏ ఆధారంతో?" అన్నాను. నోట్లోంచి ఆఫీసు మాటే వచ్చింది.

"ఆ గదిలో నువ్వొక్కపాలీ నా మొకం సూడనేదు. మూడుపాళ్ళు పిలిసేరు, మూడుపాళ్ళూ కాయితమే సూసేవు. తప్పు సెయ్యనోళ్ళు మొకం సూత్తారు."

ముఖం చూడొద్దని ఆఫీసరు చెప్పింది, ఆవిడకి తెలియకుండా ఆవిడ తరఫున ఇంగ్లీషులో వాదించింది, మేనేజరు మీద నాకున్న అనుమానం, అన్నీ చెప్పాను. వీధి వీధంతా వింటోంది. నేను ఆపేదాకా అప్ప చేతికున్న ఉప్పు కూడా దులుపుకోలేదు.

"మరి ఈ ముక్క అప్పుడే ఎందుకు సెప్పనేదు?"

"బయట చెప్పకూడదన్నారు."

"అదీ సెప్పకూడదు, ఇదీ సెప్పకూడదు" అని లోపలికి వెళ్ళింది. కుండలోంచి నీళ్ళు ముంచిన చప్పుడు వినిపించింది. గ్లాసు తెచ్చి నా చేతికి అందించింది.

"నమ్మావా అప్పా?" అన్నాను, ఉండబట్టలేక.

"ఏమో, తెలీదు. అబద్దమాడితే పైనున్న దేవుడికి ఎరుక. నమ్మేనని ఇత్తన్నాననుకోకు." నా మొహంలోకే చూస్తోంది. "అడగడానికి వచ్చేవు కదా, అందుకని. అంత పెద్ద కంపెనీలోంచి నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డోళ్ళు ఇంకొకరు నేరు. తాగు."

నేనూ కళ్ళు దించలేదు. ఆ ఊరి నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.